దబ్బతొక్కల కండక్టరు గారు

కండక్టరు గారు బస్టాండులో పోయారని కబురొస్తే ముందు నేను నమ్మలేదు. నమ్మకపోవడం ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆయన కింద వాటాలో ఇంటి ఓనరు, మేము పై వాటాలో అద్దెకు. ఇన్నేళ్ళు ఒకే గేటులోంచి వస్తూ పోతూ ఉంటే ఆ మాత్రం అంటుకోదూ! ఆయనే ఉంటే తన చావు కబురు తాను కూడా ఒకంతట నమ్మేవారు కాదు. "ఎవరు చెప్పారు? చూసినవాడెవడు? వాడికి బస్టాండులో ఏం పని?" అని వరసగా అడిగేవారు. చెప్పేవాడు కొంచెం తడబడితే చాలు, "చూశావా అమ్మాయ్, కళ్ళు దించేశాడు" అని నా వైపు తిరిగి చెప్పేవారు.

ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు. బందరులో అందరికీ కండక్టరు గారే. గుడివాడ డిపోలో చేరి, తర్వాత నాగాయలంక బస్సులో రిటైరయ్యేదాకా టికెట్లు కొట్టిన మనిషి. రిటైరయ్యాక కూడా ఆ బస్సు దిగలేదనే చెప్పాలి. నేల మీద నిలబడ్డా కాళ్ళు ఎడంగా పెట్టి, ఒక భుజం వరండా స్తంభానికి ఆనించి నిలబడేవారు, ఎప్పుడు బ్రేకు పడుతుందో అన్నట్టు. కుడి చెవి మీద ఎప్పుడూ నీలం బాల్‌పెన్ను ఉండేది. మెట్ల మీద ఎవరి అడుగు వినపడినా లోపల్నుంచే "హోల్డాన్!" అని కేక. ఆ కేకకి మా ఇంటికొచ్చిన చుట్టాలు ఒక కాలు పై మెట్టు మీద, ఒక కాలు కింది మెట్టు మీద పెట్టి అలాగే ఆగిపోయేవారు. ఎవరు, ఎవరింటికి, సంచిలో ఏముంది, మళ్ళీ ఎప్పుడు దిగుతారు, ఇవన్నీ చెప్పాకే "రైట్" అనేవారు. ఆ రైట్ పడకుండా మా మెట్లెక్కిన మనిషి లేడు, మా మావగారితో సహా.

అద్దెకు అడగడానికి మేము మొదటిసారి వెళ్ళినప్పుడు కూర్చోమని కూడా అనలేదు. మా ఆయన్ని కిందనుంచి పైదాకా చూసి, "ఏం చేస్తుంటారు?" అన్నారు.

"చిలకలపూడిలో కవరింగ్ నగల పనండీ," అన్నారు మా ఆయన.

"అంటే, బంగారం కానిదాన్ని బంగారంలా కనపడేట్టు చేస్తారు."

"కవరింగ్ అని చెప్పే అమ్ముతామండీ."

"ఊఁ. చెప్పి చేసేవాడు కొంత నయం," అన్నారు, ఏదో క్షమించి వదిలేసినట్టు.

నాకు ఒళ్ళు మండింది. వచ్చేద్దామని మా ఆయన మోచెయ్యి గిల్లాను. కానీ ఆ ఇంటి కుళాయికి మంచినీళ్ళు వస్తాయి. బందరులో ఉప్పునీళ్ళతో తలంటుకుని చిక్కు తీసుకోలేక ఏడ్చిన ఆడదాన్ని అడగండి, మంచినీళ్ళ కోసం ఎన్ని మాటలు పడొచ్చో చెబుతుంది. నేనూ పడ్డాను. సామాను దించుతున్న రోజున ఆయన ప్రతి అట్టపెట్టె మీదా చెయ్యి వేసి, ఊపి, చెవి పెట్టి విన్నారు. గ్రైండరు పెట్టె దగ్గర మాత్రం చాలాసేపు ఆగారు.

ఇక దబ్బతొక్కల సంగతి. అవి లేకపోతే ఆయన గురించి చెప్పడానికి గేటు తాళం, "హోల్డాన్" తప్ప ఏమీ మిగలదు.

బందరు నుంచి నాగాయలంక దాకా ఏ ఇంటి దొడ్లో దబ్బచెట్టుందో ఆయనకు తెలుసు. కాయలు తయారయ్యే రోజులొచ్చాయంటే దివిసీమ నుంచి ఎవరో ఒకరు గోనెసంచి కట్టి బస్సులో వేసేవారు. ఈయన బస్టాండుకు వెళ్ళి అందుకునేవారు. అందుకోవడమంటే ఊరికే కాదు. డ్రైవర్ని పట్టుకుని, "సంచి మూతి ఎవరు కట్టారు? దారిలో ఎవడైనా దీని పక్కన కూర్చున్నాడా? టీకి దిగినప్పుడు బస్సులో ఎవరున్నారు?" అని అడిగేవారట. పాపం ఆ డ్రైవరు, "బాబాయ్, దబ్బకాయలే కదా, బాంబులు కాదు" అని మొత్తుకునేవాడట.

తరవాత తనిఖీ. బస్టాండు బల్ల మీదే కూర్చుని ఒక్కో కాయనీ తీసి బొటనవేలి గోరుతో గీరి వాసన చూడటం, తొడిమ దగ్గర సూది పోటేమైనా ఉందా అని తిప్పి తిప్పి చూడటం. నచ్చితే చెవి మీది పెన్ను తీసి తొక్క మీద ఒక టిక్కు కొట్టేవారు. నచ్చకపోతే ఆ కాయ బస్టాండులోనే ఎవరికో పులిహోరకి పోయేది. మా ఇంటి గేటు దాటి టిక్కు లేని దబ్బకాయ లోపలికి రాలేదు.

పెరటి వరండాలో గ్యాసు పొయ్యి పెట్టుకుని వండేవారు. కాయల్ని కత్తిపీట మీద చెక్కులుగా కోసి, లోపలి గుజ్జు తీసేసి, ఆ మందపాటి తొక్కల్ని ఉప్పునీళ్ళలో ఊరబెట్టేవారు. తరవాత ఉడకబెట్టడం, నీళ్ళు పారబోయడం, మళ్ళీ కొత్త నీళ్ళు, చేదు విరిగేదాకా అదే పని. ఉడికిన తొక్కల్ని కత్తెరతో బస్సు టికెట్టంత ముక్కలు చేసి పంచదార పాకంలో వేసి, మర్నాడు మళ్ళీ వెచ్చబెట్టి, ఆ మర్నాడు మళ్ళీ వెచ్చబెట్టి, తొందరపడకుండా పాకాన్ని లోపలికి పట్టించేవారు. చివరికి పళ్ళెంలో పరిచి పైన పల్చటి గుడ్డ కప్పి ఆరబెట్టేవారు. మా బందరు సముద్రపు గాలికి ఉప్పు డబ్బాలే చెమ్మగిల్లుతాయి, ఆ ముక్కలు ఆరడమంటే మాటలా! ఆయనకు మాత్రం ఆరేవి.

నేను పైన బాల్కనీలో కూర్చుని గొలుసులకు కొక్కేలు వేస్తుండేదాన్ని. పెరటి వరండా సరిగ్గా నా కింద. కనపడేది కాదు గానీ ప్రతి మాటా వినపడేది. అక్కడే నాకు మొదటి అనుమానం పుట్టింది. ఎందుకంటే, ఆయన తనను తానే ప్రశ్నలు వేసుకునేవారు.

"ఈ గిన్నె ఎవరు కడిగారు?" ఇది గట్టిగా, కండక్టరు గొంతుతో.

"నేనే కడిగాను." ఇది మెత్తగా.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. కళ్ళెదురుగా."

"పంచదార పొట్లం విప్పింది ఎవరు?"

"ఇంకా విప్పలేదు. ఇదిగో, కుట్టు చూడు."

ఓరి నాయనో, ఈయనకి మతి చలించినట్టుందే అనుకున్నాను. మా ఆయనతో అంటే, "ఒక్కడే ఉంటే ఎవరైనా అలాగే మాట్లాడుకుంటారు" అన్నారు. ఒక్కడే ఎక్కడ? లోపల భార్య ఉంది కదా! మరి ఆవిడేది? నా రెండో అనుమానం ఆవిడ.

చేరి ఏడాది తిరిగినా ఆవిడను నేను సరిగ్గా చూడలేదంటే నమ్ముతారా? ముందు వరండాలోకి తెరుచుకునే గదికి దోమల జాలీ ఉన్న కిటికీ ఒకటుంది. ఆ జాలీ వెనక ఒక తెల్లటి జుట్టు, ఒక చీర అంచు, అంతే. పెళ్ళికో పేరంటానికో పిలవడానికి వెళితే గుమ్మంలోనే ఆయన అందుకుని, "చెబుతాలే" అనేవారు. వంటింటికి తాళం. ఆ తాళంచెవి ఆయన మొలతాడుకు. ఆడదానికి తన వంటింట్లోకి తనకే దారి లేదంటే ఏమనుకోవాలి? ఎదురింటావిడ అయితే నా చెవిలో, "ఏదో పెట్టి పడుకోబెడుతున్నాడమ్మా, నిప్పు లేనిదే పొగ రాదు" అని ఊదేసింది. నాకు ఊదడం కూడా అక్కర్లేదు, అప్పటికే రాజుకుని ఉన్నాను.

దానికి తగ్గట్టే ఆయన పంపకం కూడా. ముక్కలు ఆరాక ఊరికే ఇళ్ళకి పంపేవారు కాదు. పాలవాడు, పేపరువాడు, గ్యాసు బండ తెచ్చినవాడు, మీటరు చూడటానికొచ్చినవాడు, ఎవరైనా సరే ఆ వరండాలో ఆగాలి. "టికెట్ తీసుకోండి," అని ఒక్క ముక్క చేతిలో పెట్టేవారు. జేబులో వేసుకోబోతే పట్టుకునేవారు. "ఇక్కడే. నా ఎదురుగా. ఇటు తిరిగి తినండి." ఇటు అంటే కిటికీ వైపు. నమిలినంతసేపూ కళ్ళార్పకుండా చూసేవారు. "మింగారా?" అని అడిగేవారు. మింగామంటే "రైట్". అప్పుడే వదిలేవారు.

నాకూ అదే మర్యాద. మొదటిసారి పెట్టినప్పుడు, "పైకెళ్ళి తింటానండీ బాబాయిగారూ, ఇప్పుడే కాఫీ తాగాను," అన్నాను.

"కాఫీ తాగినవాళ్ళు తినకూడదని ఎక్కడుందమ్మాయ్? తిను."

"ఇందులో ఏం వేశారండీ?" అడిగేశాను. నా నోరు ఊరుకోదు.

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు సరికదా మొహం వెలిగిపోయింది. "అదీ! అలా అడగాలి! గట్టిగా అడుగు!" అన్నారు. ఏం వేశారో ఒక్కొక్కటీ గొంతెత్తి చెప్పారు, కోర్టులో సాక్షి చెప్పినట్టు. తొక్క, ఉప్పు, నీళ్ళు, పంచదార. అబద్ధమాడేవాడే ఇంత వివరంగా చెబుతాడని నా లోపల ఒకటి గొణిగింది. అయినా తిన్నాను. ముందు తీపి, చివర్లో ఎక్కడో నాలిక వెనక ఒక చిన్న చేదు, ఆ చేదు వల్లే ఇంకోటి తినాలనిపించడం. నిజం చెప్పొద్దూ, అంత బాగున్నందుకు కూడా అనుమానమే వేసింది.

ఒకసారి ఆయన గిన్నె తిరిగిచ్చేద్దామని కిందికి వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. కిటికీ గూట్లో పళ్ళెం, పళ్ళెంలో దబ్బముక్కలు. ప్రతి ముక్కా సగం కొరికి ఉంది. పక్కనే మందుబిళ్ళల అట్ట.

హవ్వ! ఎంగిలి ముక్కలు! మాకు పెట్టేవి కూడా కొరికి, కొరికిన వైపు పంచదార అద్ది ఇస్తున్నాడేమో మహానుభావుడు! గిన్నె గుమ్మంలో పెట్టి పైకి పరిగెత్తాను. ఆ తరవాత నా చేతిలో పడిన ప్రతి టికెట్నీ పళ్ళ గాట్ల కోసం తిప్పి తిప్పి చూసేదాన్ని. ఆ మందుబిళ్ళలు మాత్రం కళ్ళముందునుంచి పోలేదు. "ఆవిడకి ముక్కల్లో మందు పెట్టి తినిపిస్తున్నారండీ, చూస్తూ ఊరుకుంటారా?" అని మా ఆయన్ని నిలదీశాను.

"అనుమానం పెనుభూతం అంటారు," అన్నారు మా ఆయన. "మన ఇంట్లో ఇప్పుడు రెండున్నాయి. కింద ఒకటి, పైన ఒకటి."

నేను ఊరుకోలేదు. ఒక మధ్యాహ్నం ఆయన దబ్బకాయల సంచి కోసం బస్టాండుకు వెళ్ళడం చూసి, చేసిన పులిహోర గిన్నెలో పెట్టుకుని కిందికి దిగాను. కిటికీ దగ్గర నిలబడి, "పిన్నిగారూ, నేను పై వాటా అమ్మాయినండీ. కాస్త పులిహోర తెచ్చాను," అన్నాను.

జాలీ వెనక మొహం దగ్గరికొచ్చింది. పెద్ద కళ్ళు. అవి నన్ను చూడలేదు, గిన్నెను చూశాయి. "ఎవరు పంపారు?" అన్నారు ఆవిడ.

"ఎవరూ పంపలేదండీ. నేనే."

"ఎవరూ పంపకుండా ఎందుకొస్తావు? అందులో ఏం కలిపావు?" అని, నేను జవాబు చెప్పేలోగా కిటికీ తలుపులు దబాల్న మూసేశారు. లోపల్నుంచి ఒకటే అరుపు. "విషం! విషం తెచ్చింది!" వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. జన్మలో నన్నెవరూ అంత మాట అనలేదు.

సరిగ్గా అప్పుడే కండక్టరు గారు గేటు తీశారు. సంచి దించి, ఒక్క చూపులో అంతా అర్థం చేసుకున్నారు. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన నన్ను తిట్టలేదు, ఆవిణ్ణీ కసరలేదు. కిటికీకి వినపడేట్టు నా మీద విరుచుకుపడ్డారు.

"హోల్డాన్! ఎవరది? బియ్యం ఎక్కడివి?"

"గుడ్లవల్లేరు నుంచి మా అన్నయ్య పంపినవండీ," అన్నాను, ఏడుపు గొంతుతో.

"నూనె ఎవరు పోశారు?"

"నేనేనండీ!"

"పోసేటప్పుడు పక్కన ఎవరున్నారు? ఆ నిమ్మకాయ ఎవరు కోశారు? తిను. ముందు నువ్వు తిను. ఇటు తిరిగి."

దొంగను నిలబెట్టి అడిగినట్టు వీధి జనం చూస్తుండగా అడుగుతుంటే, అవమానంతో కళ్ళనీళ్ళు కారుతుంటే, నా పులిహోర నేను తిన్నాను. "మింగావా?" అన్నారు. ఆయనా ఒక ముద్ద తిన్నారు. కిటికీ తలుపు వేలెడంత తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది. ఆయన నిట్టూర్చి గిన్నె నా చేతికిచ్చేశారు.

సాయంత్రం మొదటిసారి ఆయన మా మెట్లెక్కారు. పై మెట్టు దాకా వచ్చి గోడకు భుజం ఆనించి నిలబడ్డారు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఏమీ అనుకోకమ్మా," అన్నారు. "దానికి ఎవరి మీదా నమ్మకం లేదు. అన్నంలో ఎవరో ఏదో కలుపుతున్నారని. విజయవాడ డాక్టరు జబ్బు పేరు చెప్పాడు గానీ నాకు నోరు తిరగదు. మొదట్లో నేనూ అందరిలాగే, ఎవరు కలుపుతారే పిచ్చిదానా, నోరు మూసుకుని తిను, అని కసిరేవాణ్ణి. ఎముకల గూడైపోయింది. అప్పుడనిపించింది. ఇంట్లో దొంగ దూరాడని ఒకళ్ళు వణికిపోతుంటే రెండోవాళ్ళు దుప్పటి కప్పుకుని పడుకోమంటే ఎలా ఉంటుంది? సరే, దొంగ ఉన్నాడే అందాం. ఇద్దరం కలిసి వెతుకుదాం అన్నాను. నేను వెతకడం మొదలెట్టాక అది తినడం మొదలెట్టింది."

ఆయన గోడకు ఆనించిన భుజం మార్చుకున్నారు.

"వంటింటికి తాళం అదే వెయ్యమంది. వండేటప్పుడు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని చూస్తుంది. అడగాల్సినవన్నీ నేనే అడుగుతాను, దానికి అడగడానికి ఇంకేం మిగలకుండా. సగం నేను తిని సగం దానికి పెట్టాలి. నలుగురు తిని బతికి బట్టకట్టడం కూడా చూడాలి. అందుకే మిమ్మల్నందర్నీ అలా నిలబెట్టేది."

"మరి ఆ మందుబిళ్ళలు..." అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"అదీ చూశావూ!" అని నవ్వారు. నేనాయన నవ్వు చూడటం అదే మొదలు. "డాక్టరు పొడి చేసి తిండిలో కలిపెయ్యమన్నాడమ్మా. తెలియదులే అన్నాడు. కలిపితే ఏమవుతుంది? దాని అనుమానం నిజమవుతుంది. ఇన్నాళ్ళూ లేని దొంగని నేనే అవుతాను. అందుకని అరచేతిలో పెట్టి చూపించి చెబుతాను. ఇది బిళ్ళ, చేదు, వేసుకుంటావా అని. వేసుకున్న రోజు వేసుకుంటుంది. వేసుకుంటే వెంటనే దబ్బముక్క."

"అన్నీ వదిలేసి దబ్బముక్కే ఎందుకండీ?"

ఆయన జేబులోంచి కాగితం పొట్లం తీసి, ఒక ముక్కను వీధి వైపు వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు, నోటు మంచిదో కాదో చూసే కండక్టరులాగే. పాకం పూర్తిగా పట్టిన తొక్క. దాని వెనక ఆయన వేలు, వేలి గీతలతో సహా కనపడింది.

"లడ్డూ లోపల ఏముందో దేవుడికెరుక. దీన్లో ఇటునుంచి అటు కనపడుతుంది," అన్నారు. "అది పెళ్ళయిన కొత్తలో నాకు నేర్పిన వంటకం ఇది. నాగాయలంకలో వాళ్ళమ్మ చేసేదట. ఇప్పుడు తను చెయ్యదు, తన చెయ్యి మీద కూడా తనకు నమ్మకం లేదు." పొట్లం మడిచి జేబులో పెట్టుకుని, "రైట్" అని దిగిపోయారు.

మర్నాటినుంచి వరండాలో టికెట్ చేతిలో పడితే కిటికీ వైపు తిరిగి, మొహం బాగా కనపడేట్టు తినేదాన్ని. ఆయన అడగకముందే, "ఇవాళ పాకం కలిపిన గరిటె ఎవరిదండీ?" అని గట్టిగా అడిగేదాన్ని. "అలా అడుగు!" అనేవారు ఆయన.

అలాంటి మనిషి బస్టాండు బల్ల మీద, ఒళ్ళో గోనెసంచి పెట్టుకుని, కాయలకు టిక్కులు కొడుతూ కొడుతూ తల వాల్చేశారు. నిద్రపోతున్నారనుకున్నారట అందరూ. సంచిని, మనిషిని ఒకే ఆటోలో ఇంటికి తెచ్చారు.

పిన్నిగారు ఏడవలేదు. ఆయన పక్కన కూర్చుని ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చాలాసేపు చూశారు. ఎవరి మాటా తీసుకోకుండా తానే చూసుకున్నారు. తరవాత ఆయన గుప్పిట్లోంచి నీలం పెన్ను తీసి కొంగున ముడేసుకుని లోపలికెళ్ళి కిటికీ మూసుకున్నారు.

నాగాయలంక నుంచి ఆవిడ తమ్ముడు వచ్చాడు. రొయ్యల చెరువులున్న మనిషి, మంచివాడే. అక్క ఏమీ తినడం లేదని ఆయనకు దిగులు. కళ్ళెదురుగా కొట్టిన కొబ్బరిబొండాం నీళ్ళు తప్ప ఆవిడ నోట్లోకి ఏదీ పోవడం లేదు. బిళ్ళ మాట సరేసరి. వరండాలో ఆ తమ్ముడు బిళ్ళను చెంచాతో నలపడం చూశాను. పక్కన బొండాం నీళ్ళ గ్లాసు.

"ఆ పని చెయ్యకండి అన్నయ్యగారూ," అన్నాను.

"మీరు అద్దెకున్నవాళ్ళు. మా అక్క సంగతి మీకెందుకండీ?" అన్నాడు. ఇల్లు కొట్టేద్దామని చూస్తోందేమో అన్న అనుమానం మొహంలో కనపడుతూనే ఉంది. మంచిదే. ఈ గుమ్మంలో అనుమానపడనివాడు పనికిరాడు.

"అద్దెకున్నదాన్నే. కానీ అది కలిపారంటే ఆ బొండాం నీళ్ళు కూడా మానేస్తారు. అప్పుడు ఆసుపత్రిలో కట్టేసి సెలైన్ ఎక్కించాల్సిందే. నాకు కాస్త వ్యవధి ఇవ్వండి."

ఆయన గ్లాసు వంక, కిటికీ వంక చూసి, నలిపిన పొడి పారబోశాడు.

మెట్ల కిందున్న సంచి విప్పాను. కొన్ని కాయల మీద నీలం టిక్కు ఉంది, కొన్నింటి మీద లేదు. టిక్కున్నవి వేరే తీశాను. చివరి టిక్కు సగంలో ఆగి, గీతలా కిందికి జారిపోయింది. ఆ కాయను చేత్తో పట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. తరవాత లేచి, ఆ టిక్కులు కిటికీకి కనపడేట్టు వరండాలో వరసగా పేర్చాను. కిటికీ తెరుచుకోలేదు. పెరటి తలుపు దగ్గర కుర్చీ లాగిన చప్పుడు మాత్రం వినపడింది.

పొయ్యి వెలిగించాను. గొంతు సవరించుకున్నాను. "ఈ గిన్నె ఎవరు కడిగారు?" అని గట్టిగా అడిగాను. "నేనే. ఇప్పుడే. మీ ఎదురుగా," అని నాకు నేనే చెప్పుకున్నాను. పైన బాల్కనీలోంచి మా ఆయన తొంగిచూసి తల వెనక్కి తీసుకున్నారు. పిన్నిగారి తమ్ముడు పంచదార డబ్బా అందివ్వబోతే, "హోల్డాన్! ఆ చేతులు కడిగారా? ఎక్కడ? ఏ నీళ్ళతో?" అని నిలబెట్టేశాను. ఆయన గతుక్కుమని, వెళ్ళి మళ్ళీ కడుక్కుని వచ్చాడు. కుర్చీ ఇంకాస్త ముందుకు జరిగింది.

పైనుంచి చెవులతో నేర్చుకున్న వంట అది, కళ్ళతో చూసింది కాదు. మొదటిసారి తొందరపడ్డాను. పాకం పట్టకముందే తీసి ఆరబెట్టాను. ఒక ముక్క కిటికీ దగ్గరికి తీసుకెళితే, జాలీ తలుపు కొంచెం తీసి పిన్నిగారు అందుకున్నారు. వెలుతురుకు ఎత్తి చూశారు. వేలు కనపడలేదు. నా చేతిలో తిరిగి పెట్టేశారు. కోపం రాలేదు నాకు. తిరిగిచ్చారు గానీ విసిరికొట్టలేదు కదా! మళ్ళీ గిన్నెలో వేసి నీళ్ళు పోసి, సన్నని సెగ మీద పాకం లోపలికి ఇంకేదాకా కూర్చున్నాను. ఈసారి మర్నాడు, ఆ మర్నాడు అని ఆయనలాగే ఓపిక పట్టాను.

ముక్కలు ఆరాక ఒకదాన్ని ఎత్తి చూస్తే నా వేలు కనపడింది, గొలుసుల కొక్కేలు గుచ్చుకున్న మచ్చలతో సహా.

పళ్ళెం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. అరచేతిలో బిళ్ళ పెట్టి చూపించాను. "ఇది బిళ్ళండీ. చేదు. దీన్లో ఏమీ కలపలేదు, దేన్లోనూ దీన్ని కలపలేదు." తరవాత ముక్క ఎత్తాను. సగం కొరకాలి. చెయ్యి ఆగింది. పెద్దావిడకి నా ఎంగిలి పెట్టడమా! మా అమ్మ వింటే నా మొహం చూడదు. ఆ జాలీ వెనక ఎండిపోయిన మొహం వంక చూశాను. ముక్క సగానికి కొరికాను. ఆవిడకి బాగా కనపడేట్టు, నెమ్మదిగా నమిలాను. తీపి, ఆ వెనక ఆ చిన్న చేదు. ఆయన చేసినంత బాగా లేదు గానీ, అదే.

జాలీ తలుపు తెరుచుకుంది. ఆవిడ కళ్ళు నా గొంతు మీద ఉన్నాయి.

"మింగావా?" అన్నారు.

"మింగానండీ."

నమ్మలేదు. గెడ్డం ఎత్తి నోరు తెరవమన్నట్టు సైగ చేశారు. తెరిచాను. అటూ ఇటూ చూశారు. చాలాసేపు నా మొహం చూశారు. కొంగు ముడి విప్పి, నీలం పెన్ను తీసి చెవి మీద పెట్టుకున్నారు. బిళ్ళ కోసం అరచెయ్యి బయటికి చాపారు.

"రైట్," అన్నారు పిన్నిగారు.